పున్నమికి ఎండ అడిగిన పిల్ల

మా రొయ్యల కంపెనీలో ఎండ అనేది ఒక డ్యూటీ పేరు. ఈ మాట ఇప్పటి అమ్మాయిలకు చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ముందు ఆ హాలు ఎలా ఉండేదో కాస్త వినండి.

తొంభైల్లో విశాఖ ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల ఇలాంటి కంపెనీలు చాలానే ఉండేవి. బోట్ల మీద వచ్చిన రొయ్యలు, చెరువుల నుంచి లారీల్లో వచ్చిన రొయ్యలు మా పీలింగ్ హాల్లో తలా పొట్టూ తీయించుకుని, గడ్డకట్టి, పెట్టెల్లోకెక్కి, ఓడలో విదేశాలకు పోయేవి. హాలంతా స్టీలు బల్లలు. బల్లల మీద ఐసు, ఐసులో రొయ్యలు, రొయ్యల మధ్య ఆడవాళ్ల చేతులు. పొద్దున్నే గంబూట్లు తొడుక్కుని నిలబడితే భోజనాల గంట కొట్టేదాకా ఆ చలిలోనే. మగవాళ్లు ఐసు పగలగొట్టేవారు, బరువులు మోసేవారు, మిగిలిన టైమంతా బీడీలు కాల్చేవారు. నేను ఆ హాలుకి సూపర్‌వైజర్ని. మాది కాకినాడ వైపు. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం రావడంతో మల్కాపురంలో కాపురం పెట్టాం. పిల్లలు బడికి పోవడం మొదలెట్టాక ఇంట్లో తోచక ఈ ఉద్యోగంలో చేరాను. చేరిన కొత్తలో నా ఒంటి నిండా నీచు వాసనని మా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. తర్వాత ఆయనే అలవాటు పడ్డాడు.

ఆ చలిలో మామూలు రోజుల్లోనే నడుం పట్టేసేది. ఇక బహిష్టు రోజుల సంగతి చెప్పక్కర్లేదు. పొత్తికడుపు మెలిపెట్టేస్తుంటే, వేళ్లు కొంకర్లు పోతుంటే, కళ్లనీళ్లు మింగుకుంటూ పొట్టు తీసేవాళ్లు. సెలవడగాలంటే సిగ్గు. మేనేజరు మగమనిషి, ఆయన దగ్గరికెళ్లి ఏమని చెబుతారు? అందుకని మా హాల్లో ఒక పద్ధతి పుట్టింది. వెనక పెరట్లో ఖాళీ క్రేట్లు కడిగి ఆరబెట్టే పని ఉండేది. అక్కడ ఐసు ఉండదు, ఒంటికి ఎండ తగులుతుంది, ఓపిక లేకపోతే కాసేపు గోడవార కూర్చోవచ్చు. ఆ రోజుల్లో ఉన్న మనిషి పొద్దున్నే వచ్చి "మేడమ్మా, ఇయ్యాల ఎండ" అంటే చాలు, ఇంకో ప్రశ్న వేయకుండా పెరట్లోకి పంపేసేదాన్ని. మేనేజరుకి ఆ పని కోసం ఆడవాళ్లు ఎందుకంత ఎగబడతారో ఎప్పటికీ అర్థం కాలేదు. నల్లబడిపోతారమ్మా అని పాపం జాలిపడేవాడు.

ఈ పద్ధతి పెట్టింది నేను కాదు, మేస్త్రమ్మ. భీమిలి వైపు పల్లెల్లోంచి ఆడవాళ్లని జట్టుగా పోగుచేసి, తెల్లారకుండా వ్యానెక్కించి తీసుకొచ్చే పెద్దావిడ. ముక్కుకి రెండు వైపులా పుడకలు, బోటు ఇంజన్లాంటి గొంతు. హాల్లో ఎవరు నీళ్లోసుకున్నారో వాళ్ల మొగుళ్లకన్నా ముందు ఈవిడకే తెలిసేది. "కడుపులో ఏటున్నాదో మొకమే సెప్పేస్తాది మేడమ్మా" అనేది. తెలిసిన సంగతి ఆవిడ నోట్లో నానడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి హాలంతా చుట్టొచ్చేది.

ఆవిడ తెచ్చిన జట్టులోనే ఉండేది ఈ పిల్ల. ఇరవై దాటి ఒకటో రెండో ఉంటాయి. చామనఛాయ, సన్నటి మనిషి, చేతులు మాత్రం మహా ఒడుపు. రొయ్య నడుం విరక్కుండా నరం లాగడంలో దానికి దీటొచ్చేవాళ్లు లేరు. పని చేస్తున్నంతసేపూ నన్ను ఏదో ఒకటి అంటూ ఉండేది. "మేడమ్మా, మీ గోదారోలు రొయ్యకి కూడా గారు పెట్టి పిలుత్తారేటి" అని నవ్వేది. నాకిద్దరూ మగపిల్లలే. ఆ పిల్ల బల్ల దగ్గర నిలబడినప్పుడల్లా నాకు ఆడపిల్ల లేదన్న సంగతి గుర్తొచ్చేది. ఏదో వంక పెట్టుకుని మళ్లీ ఆ బల్ల దగ్గరికే పోయేదాన్ని.

ఆ పిల్ల పున్నమి వచ్చిందంటే ఎండ అడిగేది. తప్పేది కాదు. మేస్త్రమ్మకి ఇది చూస్తే ఎంత మురిపెమో. "సూసినారా, ఈ గుంటకి పున్నం దాటదు. గడియారం నాగ. ఇలగ తప్పకుండా వచ్చినోలికి కడుపులో ఏ లోటూ ఉండదు. నా కోడలు ఇదే" అని అందరి ముందూ ప్రకటించేసింది. ఆవిడకి ఒక్కడే కొడుకు, బోటు మీద పనిచేసేవాడు. ఆ కుర్రాడు వేట నుంచి రాగానే ఐసు కావాలంటూ మా గేటు దగ్గర తచ్చాడేవాడు. వాళ్ల బోటుకి ఐసు ఇంకోచోటి నుంచి వెళ్తుందని హార్బరంతా తెలుసు. ఆ పిల్ల కూడా సరిగ్గా అప్పుడే పొట్టు బుట్ట పారబొయ్యడానికి గేటు వైపు వెళ్లేది. కాబట్టి మేస్త్రమ్మ కోరిక ఎవరికీ కష్టమైంది కాదు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టేది. మేం నలుగురు అక్కచెల్లెళ్లం. ఒకరికి ముందొస్తే ఒకరికి వెనకొచ్చేది. పరీక్షలొస్తే జరిగేది, జ్వరమొస్తే జరిగేది, మా రెండో అక్కకైతే ఊరు మారితే చాలు. ఇప్పుడు మీ ఫోన్లు రేపో ఎల్లుండో అని ముందే చెబుతాయట, అయినా అవీ తప్పుతాయని మా పెద్ద కోడలు చెప్పింది. అలాంటిది ఈ పిల్లకి ఏళ్ల తరబడి చంద్రుడితో ఒప్పందం ఏమిటి? ఒక ఏడు దానికి పచ్చకామెర్లొచ్చి, మనిషి పుల్లైపోయి తిరిగొచ్చింది. ఆ నెలా పున్నమికి ఎండ అడిగింది. పోనీ పెరట్లో కూర్చున్నప్పుడైనా మొహంలో నొప్పి ఉండేదా అంటే, అదీ లేదు. ఎవరో వస్తామని చెబితే వాకిట్లో కూర్చున్న మనిషిలా ఉండేది.

అసలు దానికి ఒంట్లో బాగోని రోజులు వేరే ఉండేవి. వాటికి పున్నమీ లేదు, అమావాస్యా లేదు. గడ్డం మీద మొటిమ లేచేది, మోచెయ్యి రొమ్ముకి తగిలితే మూలిగేది, ఊరికే అందరి మీదా పడేది. ఒకసారి నా కాళ్ల దగ్గరకి క్రేటు విసిరింది. మర్నాడు ముంజలు తెచ్చి నా సంచిలో పెట్టి, ఏమీ జరగనట్టు పనిలోకి పోయింది.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఆ రోజుల్లో మా కాలనీలో గర్భసంచి తీయించుకోవడం పాత బీరువా అమ్మేసినంత తేలిక. కాస్త ఎక్కువ కనబడుతోందంటే చాలు, పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దాంతో పనేముంది, తీయించేసెయ్ అనేవాళ్లు. నలభై నిండకుండానే నేనూ తీయించేసుకున్నాను. పీడా వదిలిందని అమ్మలక్కలందరికీ చెప్పుకున్నాను కూడా.

తొంభైల చివర్లో ఒక వేసవిలో ఆ పిల్లకీ మేస్త్రమ్మ కొడుక్కీ మాటలయ్యాయి. మేస్త్రమ్మ భోజనాల వేళ పళ్లెం నిండా మైసూరుపాకులు పట్టుకుని హాలంతా తిరిగింది. ఆడవాళ్లు ఆ పిల్లని ఆటపట్టించడం మొదలెట్టారు. ఏడాది తిరక్కుండా మేస్త్రమ్మ చేతిలో మనవడు ఉంటాడని ఒకావిడ పందెం కాసింది. కాసేపటికి చూస్తే పిల్ల లేదు. పెరట్లో క్రేట్ల వెనక మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. అది పున్నమి కాదు.

"ఏంటే, లోపల అందరూ నీ కోసం చూస్తుంటే ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను.

"నాకు రాదు మేడమ్మా."

"ఏం రాదు? వంటా? అది నేర్చుకోవచ్చులే" అన్నాను. నా బుర్ర అంతవరకే పోయింది.

"నెల. నాకెప్పుడూ రానేదు."

పక్కనే బోర్లించిన క్రేటు మీద కూర్చుండిపోయాను. అప్పుడు చెప్పింది. దాని చెల్లెలు ముందే పెద్దమనిషయిందట. ఇది కాలేదు. తల్లి ఒక మూల, అవ్వ ఒక మూల ఏడుపు. ఊళ్లో ఇది మొగరాయుడేమో అని నవ్వడం మొదలెట్టారు. ఒకరోజు తండ్రి సూర చేపలు తెచ్చాడు. సూరకి నెత్తురెక్కువ. ఆ నెత్తురు పరికిణీకి పూసుకుని తల్లి దగ్గరికెళ్లింది.

"మైకు సెట్టు పెట్టినారు మేడమ్మా. మావయ్యలు సీరలు తెచ్చినారు. తాటాకు సాప మీద కూకోబెట్టి సిమ్మిలి తినిపించినారు. నాను తింతన్నాను గాని, లోపల ఒకటే అనుకున్నాను. ఇంత పండగ సేసినాక దానికే సిగ్గేసి వచ్చేస్తాది గదా అని."

"మరి పున్నమికి ఎండ అడిగేది అందరినీ నమ్మించడానికేనా?"

"అది కొంతే. సంద్రమూ ఆడదీ సెందురుడి మాటే ఇంతాయని మా అవ్వ సెప్పేది. పున్నానికి పోటెక్కుద్ది గదా. వస్తే ఆ రోజే రావాల అనుకుని, గుడ్డ మడిసి పెట్టుకునే వచ్చేదాన్ని. ఆ గోడకాడ కూకుని ఎదురుసూసేదాన్ని."

హాల్లో ఇంతమంది ఆడవాళ్లం ఇది ఎప్పుడు వదిలిపోతుందా అని తిట్టుకుంటుంటే, దాని కోసమే ఈ పిల్ల నెలనెలా గుడ్డ మడిచి పెట్టుకుని గోడవార కూర్చుంది. దాన్ని దగ్గరకి తీసుకుని డాక్టరుకి చూపిద్దాం, రేపే వెళ్దాం అన్నాను. వద్దనలేదు. ఎవరైనా ఆ మాట అంటారని ఇన్నేళ్లూ చూస్తున్నట్టే లేచి కళ్లు తుడుచుకుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నన్ను ఆపరేషనప్పటి నుంచీ ఎరిగిన మనిషి, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నావిడ. కసురుకుంటూనే మంచి చేసే రకం. పరీక్ష చేసింది, స్కానింగు తీయించింది. మధ్యాహ్నానికి మమ్మల్ని లోపలికి పిలిచి, తలుపు వేయమంది.

"నీకు గర్భసంచి లేదమ్మా. పుట్టుకతోనే తయారవలేదు. కొందరికి ఇలా జరుగుతుంది" అంది.

పిల్ల "సేప నెత్తురు పూసుకున్నందుకా?" అని అడిగింది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి దాని వైపు చూసింది. సంగతంతా నేను చెప్పాను. ఆవిడ మళ్లీ కసురుకోలేదు. కుర్చీ ముందుకి లాక్కుని నిదానంగా చెప్పింది. "మీరంతా నెల అంటే నెత్తురొక్కటే అనుకుంటారు. అది ఆఖర్న కనబడేది. అసలు పని అండాశయాల్లో జరుగుతుంది, పొట్టలో రెండు పక్కలా ఉంటాయవి. మెదడు నుంచి కబురొస్తే వాటిలో ఒక గుడ్డు పెరుగుతుంది, విడుదలవుతుంది. ఈలోగా గర్భసంచి లోపల మెత్తగా పక్క వేసుకుని సిద్ధంగా ఉంటుంది. గర్భం నిలవకపోతే ఆ పక్కంతా కరిగి బయటికి పోతుంది. అదే బహిష్టు. మళ్లీ మొదటి నుంచి మొదలు. ఒకరికి తొందరగా తిరుగుతుంది, ఒకరికి మెల్లిగా. చంద్రుడికేం సంబంధం లేదు. నీ అండాశయాలు రెండూ చక్కగా ఉన్నాయి. గది ఒక్కటే కట్టలేదు, ఇంట్లో మిగతా పనంతా జరుగుతూనే ఉంది."

పిల్ల అర్థమైనట్టూ కానట్టూ చూసింది. "కొన్ని రోజులు రొమ్ములు సలుపుతాయా? మొటిమలొస్తాయా? ఊరికే కోపమొస్తుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వస్తుందండి. నా మీద క్రేటు విసిరింది" అన్నాను నేను.

"అదే. నీకూ నెల తిరుగుతోంది. కనబడదంతే."

తర్వాత మిగతావి చెప్పింది. కాపురానికి ఇబ్బంది ఉంటుందని, దానికి వైద్యం ఉందని, బిడ్డని మాత్రం కడుపున మొయ్యలేదని. పెళ్లి చేసుకునేవాడికి చెప్పి చేసుకోమంది. పిల్ల మొహం చూసి, ధైర్యం చెబుదామని కాబోలు, నా వైపు వేలు చూపించింది. "ఈవిడకీ సంచి తీసేశారుగా. ఈవిడని ఎవరైనా ఆడది కాదన్నారా?"

"మేడమ్మకి ఉన్నదాన్ని తీసినారు. ఇద్దరు కొడుకుల్ని కన్నాక" అంది పిల్ల.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నాది ఆపరేషన్ తోనే ముగిసిపోయిందని అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను. అంటే నాకు తెలీకుండా నాలోపలా తిరుగుతూనే ఉందన్నమాట. వదిలింది పీడా అని చాటుకున్న దాని మీద నాకు ఆ బస్టాపులో ఎక్కడలేని బెంగ పుట్టింది. పక్కన ఈ పిల్ల ఉండగా ఆ బెంగ పైకి చెప్పుకునే మొహం లేకపోయింది.

బస్సులో నేను లౌక్యం చెప్పాను. ఇప్పుడేం చెప్పకు, పెళ్లయ్యాక మెల్లిగా చెప్పుకోవచ్చు, పిల్లలు పుట్టని వాళ్లు లోకంలో నువ్వొక్కదానివేనా అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. "ఒకపాలి సేప నెత్తురుతో పండగ సేయించుకున్నాను మేడమ్మా. ఇంకోపాలి వద్దు."

బోటు వచ్చిన రోజున జెట్టీ మీదకి వెళ్లాం. నేను వలలు బాగుచేసే వాళ్ల దగ్గర ఆగిపోయాను. అది కుర్రాడిని పక్కకి పిలిచి చెప్పింది. ఏం మాటల్లో చెప్పిందో నాకు వినబడలేదు. వాడు గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు, అది నిలబడే ఉంది. చాలాసేపటికి వాడు లేచి నా దగ్గరికొచ్చాడు.

"డాక్టరమ్మ సెప్పింది నిజమేనా మేడమ్మ గారూ?"

"నిజమే బాబూ."

"నాకు ఈ గుంటే కావాల. పిల్లలదేటుంది, ఎవల్నైనా పెంచుకుంతాం. అమ్మకి నాను సెప్తాను."

ఆ తర్వాత కొద్దిరోజులు ఆ పిల్ల పని చేసిన తీరు చూడాలి. చేతులు ఐసులో ఉన్నాయని దానికి గుర్తుండేది కాదు. నరం తీసిన రొయ్యని నాకు చూపించి "ఇది ఓడెక్కుద్ది మేడమ్మా, నాను ఎక్కను" అని నవ్వేది. నా ఉద్యోగం మొత్తంలో ఆ నాలుగు రోజులంత బావున్న రోజులు మళ్లీ లేవు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ బల్ల, ఆ క్లోరిన్ వాసన, ఆ నవ్వు వస్తాయి.

తర్వాత ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో నేనొక్కదాన్నే ఉండగా మేస్త్రమ్మ వచ్చి కింద కూర్చుంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఆవిడ గొంతు అంత తగ్గగలదని అప్పుడే తెలిసింది.

"ఎండకి పంపింది మీరు. పున్నాలు సూసి మురిసిపోయింది నాను. ఎవల్ని అనాల?" అంది. "దాని మీద నాకు కోపం నేదు మేడమ్మా. మంచి గుంట. ఇంకోల కొడుక్కైతే నానే ఎదురెల్లి సేసేదాన్ని. కానీ ఆడి అయ్యని సంద్రం తీసుకుపోనాది. ఒంటి మీద గుడ్డ కూడా దొరకనేదు. ఆడూ ఆ సంద్రం మీదకే ఎల్తన్నాడు. రేపు ఏటైనా అయితే, ఆడి మొకం ఉన్నోడు ఒకడు నా ఇంట్లో తిరగాల గదా."

పెంచుకున్న పిల్లలూ పిల్లలే అని చెప్పాను. ఎవరైనా చెప్పే మాటలే చెప్పాను. ఆవిడ విన్నది, కొంగుతో ముక్కు తుడుచుకుంది, లేచి వెళ్లిపోయింది. ఇంట్లో అన్నం మానేసి పడుకుందట. కొడుకు కేకలేశాడు, బోటెక్కి పోయాడు, తిరిగొచ్చాడు, తల వంచాడు. ఇంతకన్నా వివరంగా చెప్పడానికి ఏమీ లేదు.

హాల్లో మాత్రం పేరుబలాలు కుదరలేదని చెప్పింది మేస్త్రమ్మ. ఎవరెంత గుచ్చి అడిగినా అదే మాట. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఆ ఒక్క సంగతీ మింగేసింది.

ఆ తర్వాత పున్నమి వచ్చింది. పిల్ల నా దగ్గరికి రాలేదు. నేరుగా బల్ల దగ్గరికెళ్లి, ఏప్రన్ కట్టుకుని, ఐసులో చేతులు పెట్టింది. దానికింక పెరట్లో ఎదురుచూడాల్సింది లేదు, అబద్ధమాడే ఓపికా లేదు. నాకు అర్థమైంది. కానీ హాలుకి అర్థమైంది వేరు. బల్లల చుట్టూ చూపులు మొదలయ్యాయి. పున్నానికి తప్పని పిల్ల ఈసారి ఎండ అడగలేదు. కుదిరిన సంబంధం ఊరికే చెడింది. రెండూ కలిపి చూసుకోవడం ఎంతసేపు? "నెల తప్పినట్టున్నాదే" అని ఒకావిడ పక్కావిడతో అన్నది నాకే వినబడింది. వాళ్ల వ్యాను సాయంత్రానికి ఊరు చేరుతుంది. ఆ మాట కూడా అదే వ్యానులో చేరుతుంది. నేను ఏం చెప్పి ఆపగలను? నిజం చెప్పలేను, అబద్ధం నోటికి రావడం లేదు.

అప్పుడు మేస్త్రమ్మ గొంతు లేచింది. "ఒలే, నీకు బుర్ర ఉన్నాదా? పొద్దున్న వ్యానులో నాతో ఎండ అని సెప్పి, ఇక్కడొచ్చి ఐసులో సేతులెట్టేస్తావేటి? ఎల్లు."

పిల్ల తలెత్తి ఆవిడ వైపు చూసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్న ఆ చూపు మాటల్లో పెట్టడం నాకు చేతకాదు. "ఎల్లే తల్లీ" అంది మేస్త్రమ్మ, ఈసారి మెల్లిగా. పిల్ల చేతులు ఐసులోంచి తీసి, ఏప్రన్ విప్పి, పెరట్లోకి వెళ్లింది. మేస్త్రమ్మ ఆ ఏప్రన్ తనే కట్టుకుని, ఆ పిల్ల స్థానంలో నిలబడి, సాయంత్రం దాకా దాని వాటా రొయ్యలు ఒలిచింది. ఆవిడ ఐసులో చేతులు పెట్టడం మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. హాల్లో ఇంకెవరూ నోరెత్తలేదు.

వానలు మొదలవకుండానే గుజరాత్ వెళ్లే జట్టులో పిల్ల పేరు ఇచ్చింది. అక్కడి సముద్రం ఒడ్డునా ఇలాంటి కంపెనీలే, మన వైపు ఆడవాళ్లే. స్టేషనుకి నేను వెళ్లాను. బండి కదిలేదాకా ఏవేవో మాట్లాడాం, దేన్ని గురించి మాట్లాడాలో దాన్ని గురించి తప్ప. బండి పోయాక చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నాను. ఇంటికెళ్లి వంట చెయ్యాలని మనసు పోలేదు.

మేస్త్రమ్మ కొడుక్కి వేరే సంబంధం చేసింది, మనవడు పుట్టాడు. అచ్చం తండ్రి మొకమే. తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ముద్దుగానే ఉన్నాడు, ఏం చెప్పను. రెండువేల తర్వాత రొయ్యలకి రోగాలొచ్చి, ధరలు పడి, మా కంపెనీ మూతపడే దశకొచ్చింది. నేనూ ఇంట్లో కూర్చున్నాను. ఆ హాల్లో ఎంతోమంది అమ్మాయిలకి పని నేర్పాను. దానంతగా ఎవరి కోసమూ బెంగపడలేదు. కొడుకులిద్దరూ దగ్గరే ఉన్నారు, కోడళ్లు మంచివాళ్లు, అయినా పున్నమి నాడు డాబా మీదికెళ్తే సముద్రం వైపు చూస్తూ నిలబడిపోతాను. మా చిన్న కోడలు గాలి బాగుందా అత్తయ్యా అని అడుగుతుంది. బాగుందమ్మా అంటాను.

ఆ పిల్ల పండక్కో పబ్బానికో ఫోన్ చేసేది. పెళ్లి మాట నేనెత్తలేదు, అదీ ఎత్తలేదు. అక్కడ హాలుకి సూపర్‌వైజర్ అయింది. కిందటేడు వేసవిలో ఏ పండగా లేని రోజున ఫోన్ చేసింది.

"మేడమ్మా, కొన్నాల్ల బట్టి ఒల్లంతా సెగలొచ్చేస్తన్నాయి. ఐసు పక్కన నిలబడ్డా సెమటే. ఊరికే కోపం, ఊరికే ఏడుపు."

"షుగరేమో, బీపీయేమో, ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవే" అన్నాను.

"సూపించుకున్నాను. నాకు గర్భసంచి నేదని ముందే సెప్పినాను. రక్తం తీసి సూసినాది డాక్టరమ్మ. రోగమేటీ కాదు, నీ నెల ఆగిపోనాదమ్మా, ఈ వయసులో అందరికీ ఇలగే ఉంతాది అన్నాది."

"అయితే భయం లేదన్నమాట" అన్నాను.

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు, దాని వెనకే ఆ పాత నవ్వు.

"మేడమ్మా, ఆగిపోనాదంటే ఇన్నాల్లూ ఉన్నట్టే గదా?"

"ఉన్నట్టేనే తల్లీ" అన్నాను.